హెర్పిస్ రక్తపరీక్ష - “పాజిటివ్” అను ముద్ర

హెర్పిస్ రక్తపరీక్ష వైరస్‌ను వెదకదు. దానికి ప్రతిగా శరీరము తయారుచేసికొనిన యాంటీబాడీలను వెదకును. ఎలైసా పద్ధతిలో వెలువడునది ఒక అంకె. అది 1.1 దాటినచో సాధారణముగా కాగితముపై “పాజిటివ్” అను ముద్ర పడును. 1.5 వచ్చినవారికిని 8 వచ్చినవారికిని ఒకే ముద్ర! ఇది ఎంతవరకు న్యాయము? జననాంగములపై పొక్కులు కలిగించు రెండవ రకము విషయములో, 3.0 వరకు గల అంకెలు తరచు పొరపాటు కావచ్చుననియు, వెస్టర్న్ బ్లాట్ వంటి వేరొక పద్ధతిచే సరిచూడవలెననియు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము 2021లో సూచించినది. ఆ సంగతి తెలియక ఆలుమగలు ఒకరినొకరు శంకించుకొన్నచో బాధ్యత ఎవరిది? అంకెను ముద్రింపక మాట మాత్రమే ఇచ్చు నివేదిక సగము నివేదికయే.

ఒకటవ రకము పాజిటివ్ అయినంతమాత్రమున అది నోటనున్నదో జననాంగముల వద్దనున్నదో తెలియదు. పలువురికి చిన్ననాటనే ముద్దులవలన సోకును. “నెగెటివ్” కూడ తొలి వారములలో నమ్మదగినది కాదు. సోకెనను అనుమానమున్నచో 12 వారముల పిదప మరల చూడవలెను.

ఇక ఐజీఎం పరీక్ష సంగతి. అది కొత్తగా సోకినదానిని పట్టునని కొందరందురు. పాతది తిరుగబెట్టినపుడును అది పాజిటివ్ కావచ్చును. రెండు రకములను వేరుచేయనులేదు. దానికి డబ్బు చెల్లించుట వృథా.