ర్యాంకు దేనికి కొలత? లాల్‌దర్వాజా నుంచి ఎంసెట్‌ను చదివితే

మన దగ్గర ప్రతిభ అనే మాటకు ఒక అంకె దొరికింది. దాని పేరు ర్యాంకు. ఎంసెట్ మొదలైన 1986 నుంచి ఇంజనీరింగ్ సీటుకు, దాదాపు మూడు దశాబ్దాలు మెడికల్ సీటుకు కూడా ఇదే ద్వారబంధం. 2016 తర్వాత డాక్టరు సీటు నీట్‌కు పోయింది. 2024 నుంచి తెలంగాణలో పరీక్ష పేరు కూడా ఎప్‌సెట్ అయింది. పేరు మారినా హాస్టల్ గదిలో, బస్తీలో, పెళ్లి పందిట్లో అడిగే ప్రశ్న మారలేదు: "నీకెంత ర్యాంకు?" దళిత విద్యార్థిని అడిగినప్పుడు ఈ ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. కులం పేరెత్తకుండానే కులం అడిగే సౌకర్యం ర్యాంకు కల్పించింది.

చరిత్రను సక్కగ చెప్పుకోవాలె. ఎంసెట్ మనకు శత్రువుగా పుట్టలేదు. ప్రవేశాల నియంత్రణకు, క్యాపిటేషన్ ఫీజు నిషేధానికి 1983లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పునాది. డబ్బు సంచితో సీటు కొనుక్కునే పద్ధతికి అడ్డుకట్ట వేయాలన్నది ఆ చట్టం ఉద్దేశం. జవాబు పత్రాన్ని దిద్దే యంత్రానికి ఇంటిపేరు తెలియదు, వాడ తెలియదు. ఇంటర్వ్యూ బల్ల ముందు నిలబడి "మీ నాయన ఏం పని జేస్తడు?" అని అడిగించుకున్నోళ్లకు ఈ లాభం విలువ తెలుసు. కనుక పరీక్షను రద్దు చేయాలన్నది ఇక్కడి వాదన కాదు. ఆ అంకెను దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న.

అదే 1986లో ఇంకొకటి జరిగింది. మురళీధరరావు కమిషన్ సిఫారసుల ఆధారంగా ఎన్టీఆర్ ప్రభుత్వం జులైలో వెనుకబడిన కులాల రిజర్వేషన్‌ను 25 నుంచి 44 శాతానికి పెంచింది. రిజర్వేషన్ వ్యతిరేకులు ప్రతిభ పేరు మీద వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సీట్ల కోసం వరుస నంబర్లు ఇచ్చే పరీక్షా, మనుషుల విలువను ప్రతిభతో తూచాలనే ఉద్యమమూ ఒకే ఏడాది ఎదురుపడ్డాయి. వరుస నంబరు కాస్తా విలువ పట్టీ అయింది. ఇదే అసలు మోసం.

ఇప్పుడు పరీక్షనే ఒక పాఠ్యంగా చదువుదాం. ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. సమయం 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు. ఇంత తక్కువ సమయంలో కొత్తగా ఆలోచించడానికి చోటెక్కడిది? ఆ లెక్కను ముందే వందసార్లు చేసినవాడికే చేయి ఆడుతుంది. ఈ పరీక్ష కొలిచేది తెలివిని కాదని అనను. తెలివితో పాటు అలవాటును కూడా కొలుస్తుందని అంటాను. అలవాటు బజార్లో దొరికే సరుకు. కార్పొరేట్ కాలేజీలు పొద్దున్నుంచి రాత్రి దాకా అమ్మేది దాన్నే. కొన్నవాడి అలవాటు ఫలితాల రోజున ప్రతిభగా పత్రికకెక్కుతుంది.

లాల్‌దర్వాజా సంగతి చూడండి. పాతబస్తీలో ఈ వాడకు పేరు తెచ్చింది సింహవాహిని మహంకాళి గుడి, ఆషాఢ బోనాలు. డప్పు లేనిదే అక్కడ ఘటం కదలదు. తరచుగా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కూడా ఆ నెలల్లోనే వస్తుంది. ఇలాంటి బస్తీలో పేదింటి పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, గల్లీలో ఉర్దూ మాట్లాడుతుంది, గైడ్లు మాత్రం ఇంగ్లీషులో చదవాలి. పరీక్షలో ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనో ఉర్దూలోనో ఇస్తారు, నిజమే. అయితే అలవాటు చేయించే పుస్తకం, మోడల్ టెస్టు, రేపటి ఇంజనీరింగ్ క్లాసు అన్నీ ఇంగ్లీషులోనే. ఆమెకు ఉన్న 67 సెకన్లలో కొన్ని ప్రశ్న అర్థం చేసుకోవడానికే పోతాయి. పక్క గల్లీలో ఉర్దూ మీడియం చదివిన ముస్లిం పిల్లవాడి సంగతీ అంతే. మూడు భాషల్లో బతకడం ఒక సామర్థ్యం. దానికి ఈ పరీక్షలో ఒక్క మార్కు లేదు.

ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు కట్టే పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. కరోనా కాలంలో దాన్ని పక్కన పెట్టారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పూర్తిగానే ఎత్తేసింది. ఇంటర్ మార్కుల్లోనూ కార్పొరేట్ కాలేజీలదే పైచేయి కదా అనవచ్చు. అయినా రెండేళ్ల చదువుకు కొంత విలువ ఉందని ఆ 25 శాతం ఒప్పుకునేది. ఇప్పుడు రెండేళ్లూ మూడు గంటల్లోకి కుదించుకుపోయాయి.

ఈ కుదింపు ఎంత దూరం పోతుందో తమిళనాడులో చూశాం. అరియలూరు జిల్లా దళిత బిడ్డ అనితకు 2017లో ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు వచ్చాయి. నీట్‌లో 720కి 86. ఒకే అమ్మాయి, ఒకే ఏడాది, రెండు కొలతలు. ఏది ఆమె ప్రతిభ? సుప్రీంకోర్టు దాకా పోయి పోరాడి, చివరికి సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది.

ఎంసెట్‌లో అర్హతకు 25 శాతం మార్కులు రావాలి, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం లేదు. దీన్ని పట్టుకునే "మార్కుల్లేకున్నా సీటిస్తరు" అని ఎత్తిపొడుస్తారు. సరే, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటావి. వాటి ముందు ప్రతిభ ఊరేగింపు ఎన్నడన్నా ఆగిందా? 2016లో తెలంగాణ మెడికల్ ప్రవేశాల ఎంసెట్-2 పేపరు లీకైంది. ప్రభుత్వం దాన్ని రద్దు చేసి సెప్టెంబరు 11న ఎంసెట్-3 పెట్టింది. లక్షలకు పేపరు కొన్నవాళ్ల వల్ల ప్రతిభకు మచ్చ వచ్చిందని ఏ కులాన్నీ ఎవరూ తిట్టలేదు. 2023లో పీజీ మెడికల్ సీట్లు మిగిలిపోతే నీట్ అర్హతను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు. సీటు ఖాళీగా ఉంటే సున్నా కూడా అర్హతే. మనకు దక్కితే మాత్రం అరవై కూడా తక్కువే.

పోటీ పరీక్షలో వచ్చిన మార్కులే ప్రతిభ కాదని, వాటి వెనక కుటుంబం, చదువు, సంస్కృతి ఇచ్చిన ఊతం ఉంటుందని 2022 జనవరిలో నీట్ రిజర్వేషన్ల కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తీర్పు పుస్తకంలో ఉంది, హాస్టల్ గదిలోకి ఇంకా రాలేదు.

కాబట్టి మనం అడగాల్సింది దయ కాదు, లెక్క. ఫలితాల రోజున టాపర్ల ఫొటోల పక్కన ఇంకో పట్టిక అచ్చు కావాలి: ఏ కులం, ఏ మీడియం, ఏ సర్కారు కాలేజీ పిల్లలు ఎందరు రాశారు, ఎందరికి సీటు వచ్చింది, నాలుగేళ్లకు ఎందరు పట్టా అందుకున్నారు. ఇంటర్ మార్కుల వాటా తిరిగి రావాలి. సర్కారు జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఖాళీ ఉండొద్దు, తెలుగు, ఉర్దూ మోడల్ పేపర్లు ఉచితంగా దొరకాలి. ఇవి జరిగేదాకా ర్యాంకును కౌన్సెలింగ్ హాలులో టోకెన్ నంబరుగానే చూద్దాం. టోకెన్ ఎవరు ముందు లోపలికి పోతారో చెబుతుంది. ఎవరు ఎంతటి మనిషో చెప్పే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు.