ప్రయోక్త ఋణము: బందా కనకలింగేశ్వరరావుగారి కళాసేవ

నాట్యమును చూచిన ప్రేక్షకుడు నర్తకుని స్మరించును. ఆ రంగమును నిలిపిన ప్రయోక్తను మరచును. ఇది లోకసహజము. రష్యా దేశీయుడగు దియాగిలెవ్ (1872–1929) తాను నర్తకుడు కాకపోయినను, 1909లో పారిసు నగరమున తన బాలే బృందమును ప్రవేశపెట్టి ఐరోపా రంగస్థలమునే మార్చివేసెను. కాని ఆయన మరణముతో ఆ బృందము చెదరిపోయెను. మన తెలుగువారిలో అట్టి ప్రయోక్త ఎవరని యోచించినప్పుడు మాకు బందా కనకలింగేశ్వరరావుగారు (1907–1968) స్ఫురింతురు.

కృష్ణా జిల్లా ఆటపాకలో జన్మించిన బందావారు ఏలూరున న్యాయవాదులు. అంతకు మించి నటులు. ప్రభాత్ థియేటర్ స్థాపించి నాటకములు ప్రదర్శించిరి. 1936 నాటి ‘ద్రౌపదీ మానసంరక్షణము’ చలనచిత్రమున బళ్లారి రాఘవగారితో కలిసి నటించిరి. అట్టివారు తమ కీర్తిని పక్కకు పెట్టి, పల్లెలోని భాగవతుల కళకై పాటుపడుట విశేషము. 1950వ దశకమున కూచిపూడి శాస్త్రీయ నాట్యమా, కాదా యను చర్చ చెలరేగినప్పుడు, దాని పక్షమున వాదించినవారిలో విస్సా అప్పారావుగారును వీరును ముఖ్యులు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలయుటకు బందావారి కృషియే ఆధారము. దియాగిలెవ్ బృందమును పోషించెను. వీరు బడిని నిలిపిరి. కనుకనే వీరి సేవ వీరితో ముగియలేదు.

అయితే ప్రశంసతో విమర్శకుని బాధ్యత తీరదు. బడి కళను కాపాడును. కొంత మార్చును కూడ. జతులు, తరంగము, ఏకపాత్ర నృత్యము విడివిడిగా నేర్పవచ్చును. రాత్రి తెల్లవార్లు సాగు కలాపమునకో, కలిసి బ్రదుకు మేళము కావలెను. బడి పెరిగినకొలది మేళము సన్నగిల్లెను. కూచిపూడి ప్రత్యేకత వాచికము. అనగా నర్తకుడు తానే మాటాడుట, పాడుట. అది తగ్గినచో ఏ గుణము నాధారము చేసికొని పెద్దలు వాదించిరో ఆ గుణమే లోపించును. ఈ నష్టము బందావారి దోషమని మేము అనము. వారు కాపాడకున్నచో, విమర్శించుటకును ఏమియు మిగిలియుండెడిది కాదు.

ఈ మాట పీలమేడు వారికి ఎందుకనిన, 1926లో ఈ ఊరి పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ఆ భాగమే నేడు విద్యాలయములై, వైద్యాలయమై నిలిచినది. దాతృత్వము మనకు క్రొత్త కాదు. కాని మన బిడ్డలు సత్యభామ మాటలను తమిళ లిపిలో వ్రాసికొని కంఠస్థము చేయుచున్నారు. అర్థము తెలియక అభినయించుచున్నారు. ఇంట తెలుగు పలుకుదుము, చదువము. గజ్జెలు కొనియిచ్చుట పోషణలో సగము మాత్రమే. అక్షరములు నేర్పుట తక్కిన సగము. భామ అలుకకు కారణమేమో భామ వేషము ధరించిన పిల్లకు తెలిసిన దినమున, బందావారి ఋణము కొంతయైనను తీరినట్లని మా నమ్మకము.