పట్టు విడిచే అందం

కొత్త బ్రేక్ డిస్క్‌ను కవరు విప్పి ఎండలోకి తెస్తే మొదట కనిపించేది నున్నటి వెండి రంగు. దాన్ని కంటికి దగ్గరగా తెచ్చి కొంచెం వాల్చి చూడాలి. అప్పుడు తేలతాయి గీతలు. అతి సన్నగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ, ఏ దిక్కుకూ మొగ్గకుండా ముఖమంతా పరుచుకుని ఉంటాయి. లేత్ మీద చెక్కిన ఇనుము మీద సహజంగా చుట్లు చుట్లుగా గాడి పడుతుంది. ఆ గాడిని అలాగే ఉంచితే డిస్క్‌ను అదిమే ప్యాడ్ దాని వెంబడి పక్కకు జరగబోతుంది, చప్పుడు చేస్తుంది. అందుకే చివరి సాన ఆ గాడిని చెరిపేసి, ఈ అల్లికను గీసి వెళుతుంది. ఇంజన్‌లో సిలిండర్ గోడల మీదా ఇలాంటి అల్లికే ఉంటుంది. అక్కడది నూనెను పట్టి ఉంచి రాపిడిని తగ్గించడానికి. ఇక్కడది రాపిడికి ముఖం సిద్ధం చేయడానికి. ఒకే గీత రెండు చోట్ల రెండు ఎదురు పనులు చేయడం నాకు ఎంత చూసినా తనివితీరని సంగతి.

ఆ ముఖం మీద చేయి వేయాలనిపిస్తుంది, వేయకూడదు. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు పూసిన పల్చటి నూనెను బ్రేక్ క్లీనర్‌తో కడిగేశాక వేలిముద్ర జిడ్డు కూడా తగలనివ్వకూడదు. అంచులు పట్టుకునే ఎత్తాలి.

దాని పక్కన పాత డిస్క్‌ను పెట్టి చూస్తేనే కథంతా తెలుస్తుంది. ప్యాడ్ తాకని అంచు గట్టులా మిగిలిపోయి, తాకిన చోటంతా లోపలికి అరిగిపోయి ఉంటుంది. మరీ వేడెక్కిన డిస్క్ అయితే అక్కడక్కడ నీలి మచ్చలు. అంచు మీదో మధ్య భాగంలోనో పోత పోసినప్పుడే అచ్చువేసిన అంకె ఒకటి ఉంటుంది: ఈ మందం కంటే తగ్గితే వాడవద్దని. పుట్టిన రోజునే తన ఆయువు హద్దును ఒంటి మీద రాసుకుని వచ్చే భాగాలు కారులో ఎక్కువ లేవు. మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే పోయిన ఇనుమెంతో తెలుస్తుంది. అదంతా చక్రాల మీద మనం తుడిచి పారేసిన నల్లటి పొడిలో కలిసిపోయింది.

ఈ ఇనుము ఎంపికలోనూ ఎంతో వివేకం ఉంది. ఉక్కు ఇంతకంటే బలమైనదే. అయినా మామూలు కార్ల డిస్క్‌లకు వాడేది బూడిద రంగు పోత ఇనుము. దాన్ని విరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తే లోపల గ్రాఫైట్ సన్నటి రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని చకచకా లోపలికి తీసుకుపోతాయి, కంపనాన్ని మింగేస్తాయి. ఉక్కు పలకను వేలాడదీసి సుత్తితో తడితే చాలాసేపు మోగుతుంది. పోత ఇనుము మోత త్వరగా అణిగిపోతుంది. గొప్ప బలం కంటే ఇక్కడ కావలసినవి ఆ నిమ్మళమూ, వేడిని ఓర్చుకునే గుణమూ.

నిశ్శబ్దం మొదటి నుంచీ దీనికి దక్కలేదు. ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ బర్మింగ్‌హామ్‌లో 1902లోనే డిస్క్ బ్రేక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. లోహం మీద లోహం ఒరుసుకుని అది పెట్టిన కీచు చప్పుడును ఎవరూ భరించలేకపోయారు. ఆ ఊహ సత్తా లోకానికి తెలియడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్క్ బ్రేకులతో జాగ్వార్ సి-టైప్ కారు గెలిచింది. 1955లో సిట్రోయెన్ డిఎస్ ముందు చక్రాలకు డిస్క్‌లతో వచ్చింది. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ సెల్లారులో నిలిపిన చిన్న కారుకూ ముందు అవే. వెనక మాత్రం చాలావాటికి డ్రమ్ములే.

దీని పని ఎంతటిదో ఒక్క లెక్క చెబుతాను. 1,000 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు 386 కిలోజౌళ్లు. 30 డిగ్రీల నీళ్లు లీటరుంపావుకు కొంచెం పైనే మరుగు దాకా తెచ్చే వేడి అది. గట్టిగా బ్రేక్ వేస్తే కొన్ని క్షణాల్లో అందులో ఎక్కువ భాగం ముందున్న రెండు డిస్క్‌లలోకే దిగుతుంది. తిరుమల నుంచి కిందికి దిగే దారి చూడండి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు అది. సుమారు 700 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు బండి వదులుకోవలసిన శక్తి, నూరు కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు ఆపినంత. బండి బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. చిన్న గేరులో దిగమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఆ భారంలో కొంత ఇంజన్ పంచుకుంటుంది. మలుపుల దగ్గర మాడు వాసన కొడితే ఎవరో భారమంతా ప్యాడ్ల మీదే వేశారన్నమాట.

ఆ వేడిని వదిలించుకునే తీరు చూడండి. ముందు డిస్క్ చాలా కార్లలో నిజానికి రెండు పలకలు. మధ్య చిన్న చిన్న గోడలు, వాటి నడుమ సందులు. డిస్క్ తిరుగుతుంటే ఆ సందుల్లోని గాలి బయటికి విసిరివేయబడుతుంది, నడిమి నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు. ఆపవలసిన చక్రం తిరుగుడే తన వేడిని తాను ఊదేసుకుంటోంది.

ఇంతవరకూ చెప్పిందంతా డిస్క్ శోభ. నా మనసు నిలిచిపోయే చోటు మాత్రం ప్యాడ్లను డిస్క్‌కు అదిమే క్యాలిపర్ లోపల ఉంది, బయటికి కనిపించదు.

చాలా కుటుంబ కార్లలో క్యాలిపర్‌కు పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి వైపు. మరి బయటి ప్యాడ్‌ను నొక్కేది ఎవరు? క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారగలదు. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు వచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది. డిస్క్ అడ్డుకోగానే ఆ ఎదురు బలానికి క్యాలిపరే వెనక్కి జారి, బయటి ప్యాడ్‌ను లాక్కువచ్చి రెండో ముఖానికి అదుముతుంది. తోసినవాడికి తగిలిన ప్రతిచర్యే రెండో చేయిగా మారింది. న్యూటన్ మూడో నియమాన్ని ఇంతకంటే పొదుపుగా వాడిన యంత్రాన్ని నేను చూడలేదు.

ఇప్పుడు అసలు సొగసు. పెడల్ మీద నుంచి కాలు తీయగానే ప్యాడ్లు డిస్క్‌ను వదలాలి. వదలకపోతే చక్రం ఈడుస్తుంది, పెట్రోలు వృథా అవుతుంది, డిస్క్ కాలుతుంది. డ్రమ్ బ్రేకులో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు బాహాటంగా కనిపిస్తాయి. ఇక్కడ పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు కోసం వెతికితే దొరకదు. ఉన్నదల్లా పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు రింగు. దాన్ని అడ్డంగా కోసి చూస్తే చతురస్రం. ఆయిల్ కారకుండా ఆపడం దాని మొదటి పని. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు రింగు దాన్ని పట్టుకుని తానూ కొంచెం ఒరుగుతుంది. ఒరగడానికి చోటిస్తూ గాడి అంచును ముందే ఏటవాలుగా కోసి ఉంచారు. ఒత్తిడి పోగానే రబ్బరు తన ఆకారానికి తాను తిరిగి వస్తూ, పట్టుకున్న పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి తెస్తుంది. చాలు, చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇంకా ఉంది. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ మరికాస్త ముందుకు రావాలి. రింగు ఒరగగలిగినంత ఒరిగాక పిస్టన్ దాని పట్టులోంచి జారి కొత్త చోట నిలుస్తుంది. రేపటి నుంచి రింగు అక్కడి నుంచే వెనక్కి లాగుతుంది. అంటే సర్దుబాటు కూడా దానిదే.

కారకుండా కాయడం, వెనక్కి తేవడం, అరుగుదలకు తగ్గట్టు సర్దడం. మూడు పనులు, ఒక్క రింగు. రసానికి ప్రాణం ఔచిత్యమని పదకొండో శతాబ్దంలో కాశ్మీరులో ఆలంకారికుడు క్షేమేంద్రుడు వాదించాడు. కావ్యంలో ఏ పదమూ ఊరికే ఉండకూడదని మనం ఎంతో ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ కొలతకు అక్షరాలా నిలిచే వస్తువు ఈ రబ్బరు ముక్క. బ్రేకును మెచ్చుకునేవాళ్లు పట్టు గట్టిదనాన్నే మెచ్చుకుంటారు. పట్టడానికి బలం చాలు. ఇంత కొంచెంగా, ఇంత సరిగ్గా, ప్రతిసారీ వదలడానికి కావలసింది శిల్పం.

ఇంట్లోనే డిస్క్‌లు, ప్యాడ్లు మార్చుకోవడంలో ఉన్న సుఖం కూడా ఈ జారుడును, ఈ వదులును చేతితో తెలుసుకోవడమే. కారు సమతలం మీద ఉండాలి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి, బరువు జాకీ మీద వదలకుండా స్టాండు మీదికి దించాలి. ఇందులో రాజీ లేదు. కింది పిన్ను బోల్టు విప్పి క్యాలిపర్‌ను పైకి మడిస్తే ప్యాడ్లు చేతికి వస్తాయి. డిస్క్ తీయాలంటే క్యాలిపర్‌ను, దాని బ్రాకెట్‌నూ పూర్తిగా విప్పాలి. విప్పిన క్యాలిపర్‌ను తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టి వేలాడదీయాలి. దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకూడదు.

సముద్రపు గాలి తగిలే విశాఖలోనో కాకినాడలోనో తిరిగిన కారైతే డిస్క్ హబ్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. సుత్తి ఎత్తే ముందు డిస్క్ మధ్య భాగం చూడండి. చాలావాటికి మరలు కోసిన రెండు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో తగిన బోల్టులు బిగించి, ఇటు కొంత అటు కొంత తిప్పుతూ పోతే డిస్క్ హబ్‌ను తోసుకుంటూ టక్కున ఊడి వస్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత దీన్ని విప్పబోయేవాడి అవస్థను తయారీ నాడే తలుచుకున్నారే అని సంతోషం వేస్తుంది.

హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దడమే ఈ పనిలో నేను ఎక్కువసేపు గడిపే చోటు. డిస్క్ ఊగులాటను సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు మించనివ్వరు. హబ్ మీద మిగిలిన తుప్పు పలుకు అక్కడ ఎంత చిన్నదైనా అంచు దగ్గరికి వచ్చేసరికి పెద్ద వంకర అవుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అదే స్టీరింగు వణుకుగా చేతికి వస్తుంది.

పిన్నులను తీసి, పాత గ్రీజు తుడిచి, రబ్బరుకు పడే సిలికోన్ గ్రీజు పల్చగా రాసి మళ్లీ దూర్చాలి. మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది. సరిగ్గా ఉన్న పిన్నును వేలితో లోపలికి నొక్కి వదిలితే, తొడుగులో చిక్కిన గాలికి మెల్లగా బయటికి జరిగి వస్తుంది. ఆ మెత్తని కదలిక కోసమైనా ఈ పని ఒక్కసారి చేసి చూడాలి. పిస్టన్‌ను సి-క్లాంపుతో నిదానంగా లోపలికి తోసేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగకుండా చూసుకోవాలి. అది పెయింటును తినేస్తుంది. అన్నీ బిగించాక, చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించి టార్క్ రెంచితో సరిచూశాక, కారు కదిలించకముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాలి. వెనక్కి తోసిన పిస్టన్ ముందుకు వచ్చేదాకా ఆ కారుకు బ్రేకు లేనట్టే.

రెండు వైపులా మార్చాక ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 15 దాకా మెత్తగా వేగం తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు నడపాలి. ప్యాడ్‌లోని పదార్థం పల్చటి పొరగా డిస్క్ మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాతి ఆపుడంతా చాలావరకు ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్యనే జరుగుతుంది. ఇంటికి వచ్చాక రెండు ముందు చక్రాల దగ్గర అరచేయి దూరంగా పెట్టి వేడి చూడండి. సమానంగా ఉంటే రెండూ సమానంగా వదులుతున్నాయన్నమాట. ఒకవైపు మరీ సెగ కొడితే ఆ వైపు మళ్లీ జాకీ వేసి, కొత్త ప్యాడ్లను అనుమానించే ముందు పిన్నులను చూడండి.