దృశ్యసంయోజనము - ఔచిత్యవిచారము

చలనచిత్రమును గూర్చిన మన విమర్శ తరచుగా కథ, సంభాషణ, గీతము అను మూడింటివద్దనే నిలిచిపోవుచున్నది. దృశ్యము ప్రస్తావనకు వచ్చినప్పుడు 'గ్రాఫిక్సు బాగున్నవి' అనియో, 'బాగులేవు' అనియో ఒక్కమాటతో సరిపెట్టుకొనుచున్నాము. ఏల బాగున్నవో, ఏల బాగులేవో చెప్పజాలని మాట విమర్శ కానేరదు. ఆలంకారికులు మనకిచ్చిన ఔచిత్యసిద్ధాంతము ఈ కొరతను తీర్పగలదని మా అభిప్రాయము. దానిని గుంటూరు, ప్రకాశం మండలముల మైదానమున కన్వయించి పరీక్షింతము.

ఒకచోట తీసిన నటుని రూపమును వేరొకచోట తీసిన రంగమునందో, కంప్యూటరున నిర్మించిన రంగమునందో కూర్చుటను ఇచట దృశ్యసంయోజనమందుము. నటుని పచ్చని తెరముందు నిలిపి చిత్రింతురు. పిమ్మట సాఫ్ట్‌వేరు ఆ పచ్చదనమును తొలగించి, మిగిలిన రూపమునందలి ప్రతి బిందువునకును ఇంత పారదర్శకత యని లెక్కకట్టును. వెంట్రుకకొన సగము నటునిది, సగము వెనుకనున్న ఆకాశముది. ఈ కూర్పునకు వలయు గణితమును 1984లో పోర్టర్, డఫ్ అనువారు సూత్రీకరించిరి. అంతకుముందు ఫిల్ముపై ప్రయోగశాలలలో ఈ పనియే జరిగెడిది. 1940లో వెలువడిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అను ఆంగ్లచిత్రము నీలితెర పద్ధతికి ప్రసిద్ధి చెందినది. నేడు ఆఫ్టర్ ఎఫెక్ట్స్, బ్లెండర్ వంటి సాధనములతో ఒక విద్యార్థి తన గదిలో కూర్చుండి దీనిని చేయగలడు. సాధనము సర్వసులభమైన కొలది వివేచన యావశ్యకమగును.

ఇచట నొక పూర్వపక్షము కలదు. మిరపకల్లము గుంటూరు చేరువనే ప్రత్యక్షముగా నుండగా దానిని తెరపై నతికింపనేల? ఉన్నచోటికిపోయి తీసినదే సత్యము, అతికించినది యసత్యము అని కొందరందురు. ఈ వాదము నిలువదు. తోలుబొమ్మలాటను చూడుడు. తెల్లని వస్త్రము, దానివెనుక దీపము, నడుమ రంగులద్దిన చర్మపు బొమ్మ - ఇంతియే సామగ్రి. లంక యెచటను లేదు. అయినను ప్రేక్షకుడు లంకను చూచును. ఏలయన రాముడు, రావణుడు, చెట్టు, రథము అన్నియు ఒక్క దీపపు వెలుగునే త్రావి, ఒక్క వస్త్రమునకే ఆనుకొని నిలుచుచున్నవి. కావున సత్యమునకు ఆధారము స్థలము కాదు, వెలుగుయొక్క ఏకత్వము. రంగులతెరల నాటకమున ఈ యేకత్వము చెదరినది. తెరపైని ఉద్యానమునకు చిత్రకారుడు వ్రాసిన వెలుగు వేరు, నటునిపై బడు దీపపు వెలుగు వేరు. అది రంగస్థలసంప్రదాయమని ప్రేక్షకుడు మన్నించెను. చలనచిత్రమున నా మన్నింపు లేదు. కెమెరా పట్టినదెల్ల ప్రత్యక్షమని చూపరి నమ్ముటయే దీనికి కారణము.

'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రములను ఈ దృష్టితో పునఃపరిశీలింపవలెను. రెండింటికిని దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, కళాదర్శకులు గోఖలే, కళాధరులు. నిర్మాతలలో నొకడగు చక్రపాణి తెనాలివాడు. మాధవపెద్ది గోఖలేయు గుంటూరు సీమవాడే. మాయాబజారున ద్వారక చిన్న నమూనాగా నిర్మింపబడినది. అయినను అది పట్టణముగనే భాసించును. ఘటోత్కచుని భోజనఘట్టమున భక్ష్యములు తమంతట తామే యతని నోటికి వచ్చును. ఇచట మాయను నిలిపినది యంత్రముమాత్రమే కాదు. ఎస్.వి.రంగారావు చూపు రాబోవు భక్ష్యమునకు ముందే యెదురేగును. ఆయన నోటికి దాని బరువు, రుచి తెలిసినట్లుండును. నటుని చూపు కల్పితవస్తువును తాకినప్పుడే చూపరియు దానిని తాకును. నేడు పచ్చని తెరముందు నిలిచిన నటునకు చూచుటకేమియు లేదు. ఈ లోపమును సాఫ్ట్‌వేరు తీర్పజాలదు, దర్శకుడే తీర్పవలెను.

ఇక మైదానమునకు వత్తము. ఇచటి భూమి సంయోజకునకు కఠినపరీక్ష పెట్టును. మొదటిది దిగ్రేఖ. కొండసీమలో అది మరుగుపడును. నల్లరేగడి నేలపై ప్రత్తిచేల యంచున నిలువెల్ల కనబడుచుండును. సమతలమున కెమెరా యెంత యెత్తున నున్నదో, దూరమున నున్నను చేరువ నున్నను, నిలిచిన ప్రతి మనుష్యుని అంతయెత్తుననే దిగ్రేఖ ఖండించును. కల్లమున కూర్చుండి తాలుకాయలేరు స్త్రీ కన్నులయెత్తున నేపథ్యమును తీసి, నిలిచినవాని కన్నులయెత్తున తీసిన నటుని దానిలో కూర్చినచో, ఆతడు నేలపై నిలువడు. తేలును, లేదా క్రుంగును. చూపరికి కారణము తెలియదు, అపనమ్మకము మాత్రము తెలియును.

రెండవది నేలనుండి పైకి లేచు వెలుగు. రేగడినేల వెలుగును మ్రింగును. కావున మధ్యాహ్నపుటెండలో గడ్డము క్రింద నీడ దట్టముగా నుండును. ఎండుమిరపకాయలు పరచిన కల్లమున నిలిచినవాని గడ్డమునకు, అరచేతులకు, తెల్లపంచె యంచునకు ఎర్రని జీర సోకును. స్టూడియోలోనో పచ్చనినేల పచ్చజీర నద్దును. ఆ పచ్చదనమును తొలగించినంతమాత్రమున పని ముగియదు; దానికి మారుగా ఎరుపు నుంపవలెను. మిరపకల్లమున నిలిచియు ఎరుపు సోకని ముఖము, ఎంత స్పష్టముగా చిత్రింపబడినను, ఆ కల్లమునకు పరాయిది. మూడవది పాదస్పర్శ. కాలిక్రింద నీడ, అడుగునకు లేచు దుమ్ము లేనిచో మనిషి లేడు. నాలుగవది దూరము. దుమ్ముపొరలలో కోటప్పకొండ దూరమునుండి వెలిసిన నీలముగా తోచును. దానిని చేరువవస్తువువలె స్ఫుటముగా చూపినచో మైదానపు వైశాల్యము నశించును. పచ్చచీరయు, చేతనున్న మిరపమొక్కయు పచ్చని తెరముందు తెరతోపాటు మాయమగునను సంగతియు మరువరాదు; అట్టిచోట నీలితెరయే శరణ్యము.

మొలనూలును మెడలో ధరించిన నవ్వుపుట్టునని క్షేమేంద్రుని ఆశయము. మొలనూలునందు దోషము లేదు, మెడయందును లేదు, దోషము సంబంధమునందున్నది. సంయోజనమునందును అంతియే. నటుని చిత్రము నిర్దుష్టము, కల్లపు చిత్రము నిర్దుష్టము, కూర్పు దుష్టము కావచ్చును. 'బాహుబలి' (2015, 2017) చిత్రములలో సాబు సిరిల్ రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతిని కొంత నిర్మింపగా, మిగిలినది కంప్యూటరున పెంపబడినది. నటుని పాదములు కట్టిననేలపై నిలిచి, నీడ నిజముగా పడినచోట పై అంతస్తులను గూర్చి మనకు సందేహము కలుగదు. 2019లో వెలువడిన 'మాండలోరియన్' అను అమెరికా ధారావాహికమున నేపథ్యమును కాంతిగోడపై చూపి, ఆ గోడవెలుగే నటునిపై బడునట్లు చేసిరి. ఇట్టి వేదిక హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలోను వెలసినది. తోలుబొమ్మలాట దీపము వేరొక రూపమున తిరిగి వచ్చినదని మేము తలంచుచున్నాము.

కావున విమర్శకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వెలుగు ఒక్కటియేనా? చూపు వస్తువును తాకినదా? స్థలము మనిషిని సోకినదా? మూడవదియే ప్రధానము. స్థలము మనిషిని సోకనిచో మిరపకల్లమైనను, ప్రత్తిచేనైనను, మరియే దేశమైనను ఒక్కటియే. మన సీమ కేవలము మార్చదగిన తెరగా మిగులును. ఆ సీమలో పనిచేయువాని చెమటయు, కోరుయు, ఎరుపెక్కిన అరచేతులును దృశ్యమునుండి జారిపోవును. ఈ నష్టము సాంకేతికము కాదు, సాహిత్యసంబంధమైనది. పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క చిత్రమును గైకొని, ఒక్కొక్క దృశ్యమున నీ ప్రశ్నలను పరీక్షించి ఫలితములను వెలువరించినచో చలనచిత్రవిమర్శకు దృఢమైన పునాది యేర్పడగలదు.