వెలుగు కోసం గీసే కోడిపుంజు

కోడిపుంజును గీసి రంగులద్దడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు శ్రీ సత్యసాయి జిల్లాలో రెండు గొప్ప బడులున్నాయి. గీత నేర్పేది హిందూపురం దగ్గరి లేపాక్షి. రంగు నేర్పేది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట.

ముందు గీత. విజయనగర రాజుల తరఫున పెనుకొండలో అధికారం నెరపిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పదహారో శతాబ్దంలో లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించారు. మంటపం కప్పు మీది బొమ్మలు చూడండి. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. రంగులు కొద్దే, బొమ్మకు బలమంతా నల్లటి గీతలో ఉంది. పుంజుకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఎదురుగా చూస్తే అంతగా అర్థంకాని ఆకారం, పక్కనుంచి చూస్తే జుట్టు, ముక్కు, ఉబ్బిన రొమ్ము, వంగిన తోకతో ఒక్కసారిగా తెలుస్తుంది. అందుకే ముక్కు కొస నుంచి తోక కొస దాకా చెయ్యెత్తకుండా ఒకే గీత గీయడమే మొదటి సాధన. ఆ వంపులో పుంజు ఠీవి పలికాకే ఈకల జోలికి వెళ్లాలి.

ఇక రంగు. నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ, తెర మీద తెలుగులో రామాయణం ఆడించాయి. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ కాగితం స్థానంలో మేకతోలు ఉంటుంది. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కండా గీకేసి, సాగదీసి ఆరబెడితే వెలుగు చొరబడేంత పలచనవుతుంది. దాని మీద పుంజును గీసి, గీతలను నల్లగా దిద్దుతారు. తర్వాత చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. మెడ ఈకల వెంట కొట్టిన ప్రతి చిల్లూ తెర మీద తెల్లటి చుక్కై మెరుస్తుంది. అంటే ఇక్కడ తెలుపు పూసే రంగు కాదు, తోలు తీసేసిన చోటు. చిల్లులు మరీ దగ్గరైతే తోలు చిరుగుతుంది కనుక మధ్య ఎడం లెక్కగా ఉండాలి.

రంగును తోలుకు రెండు వైపులా వేస్తారు. అప్పుడే దీపం వెనక నిలిపితే జుట్టు ఎరుపు, తోక ఆకుపచ్చ నిండుగా కనిపిస్తాయి. వెలుగును ఆపే చిక్కటి రంగు పూస్తే తెర మీద మిగిలేది నల్లటి నీడే. కాబట్టి లేత రంగుతో మొదలుపెట్టి, ఎప్పటికప్పుడు దీపానికి పట్టి చూసుకుంటూ పొరలు పెంచాలి. కదలాల్సిన రెక్కలను విడిగా కోసి దారంతో ముడివేస్తారు.

ఇలా గీత పట్టుబడ్డ చెయ్యి ధర్మవరం పట్టు మగ్గానికీ పనికొస్తుంది. అక్కడ బొమ్మను గ్రాఫు గళ్లలోకి దించి, మగ్గానికి అమర్చే జకార్డు పరికరం అట్టల మీద చిల్లులుగా మారుస్తారు. తోలు మీది చిల్లు వెలుగును పంపితే, ఈ అట్ట మీది చిల్లు పట్టుపోగును లేపుతుంది.

నిమ్మలకుంటలో ఇదే తోలుతో చేసే దీపాల గొడుగులు కొని ఇంట్లో వేలాడదీసుకోవడం మంచిదే. కానీ కళను నిలిపేది కొనేవాళ్లతో పాటు నేర్చుకునేవాళ్లు. లేపాక్షి, నిమ్మలకుంట, ధర్మవరం బడుల్లో డ్రాయింగు పాఠం పెరట్లోని పుంజుతో మొదలవ్వాలి, దాన్ని నేర్పడానికి తోలుబొమ్మల కళాకారులను జీతమిచ్చి పిలవాలి. పిల్లలకు చూపు పదునెక్కుతుంది, ఆ కుటుంబాలకు బతుకుతెరువు దొరుకుతుంది.