గినీ నుంచి గిన్నెకోడి దాకా: ఒక స్థలనామం ప్రయాణం – తెలుగు అనువాద సమస్యలు

వ్యాససంగ్రహం: ఒకే స్థలనామం దేశాలకు, జంతువులకు, నాణేనికి, వ్యాధికి ఎలా అంటుకుంటుందో 'గినీ' అనే పేరు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జంతువు పేరులో కనిపించే ఊరు దాని పుట్టినచోటు కాదని, దాన్ని మోసుకొచ్చి అమ్మిన చేతుల జాడ అని ప్రతిపాదిస్తుంది. ఈ పేర్లను తెలుగు స్వీకరించిన తీరును, ముఖ్యంగా 'నారికురుపు' వంటి మాటలను నేటి అనువాదాలు వదిలేస్తున్న తీరును చర్చిస్తుంది.

కీలకపదాలు: స్థలనామాలు, గినీ, లోకనిరుక్తి, అనువాదం, నారికురుపు, నెలోర్.

ప్రస్తావన

తెలుగులో స్థలనామ పరిశోధనకు గట్టి పునాది ఉంది. కడప జిల్లా ఊళ్లపేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన కృషి తరువాతివారికి దారి చూపింది. అయితే ఆ దారిలో సాగిన పరిశోధనలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? చెరువును బట్టి వచ్చిందా, చెట్టును బట్టి వచ్చిందా, దేవతను బట్టి వచ్చిందా అని వెతికాం. ఆ పేరు ఊరి పొలిమేర దాటి ఎక్కడికి వెళ్లింది, దేనికి అంటుకుంది అన్నది మాత్రం అంతగా అడగలేదు. రాయలసీమవారు చీనీకాయ అనే పండునే మిగతా తెలుగువారు బత్తాయి అంటారు. ఉత్తరాదివారు మోసంబి అంటారు. మొదటిది చైనాను, రెండోది డచ్చివారి బటేవియాను, మూడోది మొజాంబిక్‌ను తలపించే పేర్లు. ఒక పండు, మూడు రేవులు. ఈ పేర్లలో దేన్ని నమ్మి ఆ పండు స్వస్థలాన్ని నిర్ణయించగలం?

ఈ ప్రశ్నను పరీక్షించడానికి 'గినీ'కి మించిన ఉదాహరణ దొరకదు. ఆ పేరుతో నేడు నాలుగు స్వతంత్ర దేశాలు ఉన్నాయి. ఒక కోడి, ఒక చిన్న క్షీరదం, ఒక గడ్డి, ఒక పరాన్నజీవి, ఒక బంగారు నాణెం కూడా ఉన్నాయి. తెలుగులో ఈ ఒక్క పేరు మూడు రూపాలుగా చీలిపోయింది. వార్తాపత్రికల్లో దేశం పేరు 'గినియా'. వ్యవసాయ కరపత్రాల్లో గడ్డి 'గినీ గడ్డి'. రైతు నోట కోడి 'గిన్నెకోడి'. మొదటిది ప్రధానంగా ఇంగ్లీషు అక్షరక్రమాన్ని చూసి చదివిన రూపం, రెండోది ఇంగ్లీషు ఉచ్చారణను విని రాసిన రూపం, మూడోది తెలుగు చెవి తనకు తానుగా తీర్చుకున్న రూపం. ఈ మూడూ ఒకే పేరని మన పాఠకుడికి తట్టే అవకాశం తక్కువ.

పేరు పెట్టినవారు, పేరు మోసినవారు

'గినే' అనే మాటను యూరప్‌కు అలవాటు చేసినవారు పోర్చుగీసువారు. పదిహేనో శతాబ్దంలో సెనెగల్ నదికి దక్షిణాన ఉన్న నల్లజాతివారి నేలను వారు ఆ పేరుతో పిలిచారు. దాని మూలం బర్బర్ భాషల్లో ఉందని కొందరు, జెన్నే నగరం పేరులో ఉందని మరికొందరు వాదించారు. ఆ వాదం తేలలేదు. తేలిన విషయం ఒకటుంది. ఆ తీరప్రాంత ప్రజలు తమ నేలకు తాము పెట్టుకున్న పేరు కాదది. పోర్చుగల్ రాజులు మాత్రం దాన్ని తమ బిరుదావళిలో చేర్చుకుని 'గినీ ప్రభువు' అనిపించుకున్నారు.

1545లో స్పెయిన్ నావికుడు ఇనిగో ఓర్తిజ్ దె రెతెస్ పసిఫిక్ సముద్రంలోని ఒక పెద్ద ద్వీపం తీరాన్ని చూశాడు. అక్కడి మనుషులు ఆఫ్రికాలోని గినీ తీరవాసుల్లా ఉన్నారని దానికి 'న్యూ గినీ' అని పేరు పెట్టాడు. రెండు తీరాల ప్రజల మధ్య బంధుత్వం లేదు, రాకపోకలు లేవు. ఉన్నదల్లా చూసినవాడి కంటికి తోచిన పోలిక. పాపువా న్యూ గినీ పేరులో ఆ చూపు ఇప్పటికీ ఉంది.

జంతువుల విషయంలో ఈ అజాగ్రత్త మరింత స్పష్టం. ఇంగ్లీషువారు 'గినీ పంది' అన్న ప్రాణి దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్లుగా ఆహారం కోసం పెంచుకున్నది. అది పంది కాదు. గినీతో దానికి సంబంధం లేదు. అదే ప్రాణిని పోర్చుగీసువారు, ఫ్రెంచివారు ఇండియా పంది అన్నారు. అంటే మన దేశం పేరు కూడా దాని మెడలో వేలాడుతోంది. టర్కీకోడి కథా ఇలాంటిదే. ఆఫ్రికా పక్షి అయిన గినీకోడి తురుష్క వర్తకుల మీదుగా ఇంగ్లండుకు చేరినందువల్ల దాన్ని మొదట టర్కీ కోడి అన్నారు. అమెరికా నుంచి మరో పెద్ద పక్షి వచ్చాక ఆ పేరు దానికి బదిలీ అయింది. టర్కీలో అదే పక్షి 'హిందీ'. పోర్చుగీసులో 'పెరు'. శాస్త్రజ్ఞులూ ఈ గందరగోళానికి అతీతులు కారు: గ్రీకులు గినీకోడిని పిలిచిన 'మెలియాగ్రిస్' అన్న పేరును లినేయస్ టర్కీకోడి ప్రజాతికి పెట్టాడు.

వీటన్నిటిలో ఒక నియమం కనిపిస్తుంది. పేరులోని ఊరు ఆ ప్రాణి ఎక్కడ పుట్టిందో చెప్పదు. కొన్నవాడికి అది ఎవరి ఓడలో, ఏ రేవు మీదుగా వచ్చిందో, కనీసం ఎక్కడినుంచి వచ్చిందని అతడు అనుకున్నాడో చెబుతుంది. ఒక్క గినీకోడి విషయంలోనే పేరూ పుట్టుకా కలిశాయి. ఆ ఒక్కదాన్ని చూపి మిగతావాటినీ నమ్మించే అవకాశం ఉంది కాబట్టి అదే ఎక్కువ ప్రమాదకరమైన ఉదాహరణ అని నా అభిప్రాయం.

ఈ వరుసలో నిజాయితీగల జంతువు మరొకటి ఉంది. అది పేరులో కాక నాణెం మీద ఉంది. 1663లో ఇంగ్లండులో ముద్రించిన కొత్త బంగారు నాణేనికి, బంగారం గినీ తీరం నుంచి రావడం వల్ల, 'గినీ' అన్న పేరు స్థిరపడింది. ఆ బంగారం తెచ్చిన వర్తక సంఘం చిహ్నమైన ఏనుగును కొన్ని నాణేల మీద రాజు బొమ్మ కింద ముద్రించారు. ఆ సంఘమూ, 1672లో దాని స్థానంలోకి వచ్చిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ కూడా ఆ తీరం నుంచే మనుషులను పట్టుకెళ్లి అమ్మాయి. నాణెం మీద ఏనుగు ఉంది, మనిషి లేడు. 1717లో 21 షిల్లింగులుగా విలువ నిర్ణయమైన ఆ నాణెం చలామణి నుంచి పోయి రెండు శతాబ్దాలైంది. అయినా ఇరవైరెండు క్యారెట్ల మేలిమిని గినీ బంగారం అనే పాత వాడుక మన దేశంలో మొన్నమొన్నటిదాకా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పేరుతో ఏం చేయాలన్న ప్రశ్న ఆఫ్రికా నాయకుల ముందుకు వచ్చింది. 1957లో క్వామే ఎన్‌క్రుమా 'గోల్డ్ కోస్ట్' అన్న సరుకు పేరును తోసిపుచ్చి, ఒక ప్రాచీన సామ్రాజ్యం పేరైన 'ఘనా'ను తన దేశానికి పెట్టాడు. మరుసటి ఏడాది సెప్టెంబరు 28న ఫ్రెంచి సమాజంలో కొనసాగడాన్ని ఓటుతో తిరస్కరించిన సెకూ తూరే, అక్టోబరు 2న స్వతంత్ర దేశాన్ని ప్రకటించినప్పుడు 'గినీ' అన్న పేరును మాత్రం అట్టే పెట్టుకున్నాడు. పరాయివాడి పాలన వద్దన్నవాడు పరాయివాడి పేరును ఉంచుకోవడం వైరుధ్యంగా కనబడవచ్చు. ఫ్రాన్సుకు కాదన్న ఒకే ఒక్క ఆఫ్రికా వలసగా లోకం ఆ దేశాన్ని గినీ పేరుతోనే గుర్తించిందన్నది మరువరాదు. ఆ ఓటుతో ఆ పేరుకు కొత్త యజమానులు వచ్చారు.

అమిల్కార్ కబ్రాల్ ఉదంతం ఇంకా బరువైనది. వృత్తిరీత్యా వ్యవసాయ శాస్త్రజ్ఞుడైన కబ్రాల్ 1953లో పోర్చుగీసు గినీ వ్యవసాయ గణన నిర్వహించాడు. ఆ పని మీద పల్లెపల్లె తిరిగిన అనుభవమే తరువాత అతని విముక్తి పోరాటానికి ఆధారమైంది. ఒక గినీ విముక్తికి పోరాడిన ఆ మనిషి 1973 జనవరి 20న మరో గినీ రాజధాని కొనాక్రీలో హత్యకు గురయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అతని దేశం, పొరుగు దేశంతో తేడా తెలియడానికి రాజధాని పేరును జోడించుకుని గినీ-బిస్సావు అయింది. ఈ వార్తను తెలుగులో చెప్పేటప్పుడు ఏ గినీ అన్నది స్పష్టం చేయకపోతే వాక్యమే తప్పుతుంది. రెండు గినీలనూ ఒకటిగా కలిపేసి, కబ్రాల్ సొంత దేశంలోనే చనిపోయాడని రాసిన విద్యార్థి వ్యాసాలను నేను దిద్దాను.

తెలుగు స్వీకరణ: గిన్నె, సీమ, నారి

పరాయి స్థలనామంతో వచ్చిన వస్తువును తెలుగు మూడు రకాలుగా లోపలికి తీసుకుంది. మొదటిది గిన్నెకోడి పద్ధతి. 'గినీ' అర్థం కాకపోతే అర్థమయ్యే మాటకు దగ్గరగా జరుపుకోవడం. దీన్ని లోకనిరుక్తి అంటాం. పండితులు ఇలాంటి రూపాలను అపభ్రంశాలుగా చూసి దిద్దబోతారు. నాకు మాత్రం అది భాష ఆరోగ్యంగా ఉన్నదనడానికి గుర్తుగానే తోస్తుంది. గిన్నెకోడిని పెంచే రైతుకు పటం అవసరం లేదు. రెండోది 'సీమ' పద్ధతి. సీమచింత, సీమవంకాయ, సీమకోడి. సముద్రం అవతలినుంచి వచ్చినదల్లా సీమదే. ఏ సీమ అన్నది ముఖ్యం కాదు. సీమకోడి అన్న మాటను గినీకోడికీ టర్కీకోడికీ కూడా వాడినవారున్నారు. ఇంగ్లీషువారు తప్పు ఊరును కచ్చితంగా చెప్పారు, తెలుగువారు ఏ ఊరో చెప్పకుండా తప్పించుకున్నారు. రెండోదే మేలని నేననుకుంటాను.

మూడో పద్ధతి అన్నిటికన్నా విలువైనది. నీటి ద్వారా ఒంట్లోకి చేరి, ఏడాది తరువాత కాలి చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చే పొడవాటి పరాన్నజీవిని ఇంగ్లీషువారు గినీ పురుగు అన్నారు. దాని శాస్త్రీయ నామంలో మరో ఊరు ఉంది: మదీనా. కాని ఆ జబ్బుతో తరతరాలు బాధపడిన తెలుగుపల్లెలు దాన్ని ఏ ఊరితోనూ కట్టలేదు. 'నారికురుపు' అన్నాయి. హిందీ, మరాఠీల్లోని 'నారు'తో ఈ మాటకు చుట్టరికం ఉండవచ్చు. అయినా తెలుగు చెవికి అందులో వినిపించేది వింటినారి, నార. కురుపులోంచి తెల్లని దారంలా వెలువడే ప్రాణిని పుల్లకు చుట్టి రోజుకు కొద్దికొద్దిగా లాగినవారికి, తెగితే వచ్చే వాపూ నొప్పీ అనుభవించినవారికి ఆ మాట ఎంత సరైనదో వేరే చెప్పనక్కరలేదు. వర్తకుడు రేవును బట్టి పేరు పెడితే రోగి కంటికి కనబడినదాన్ని బట్టి పేరు పెట్టాడు.

ఈ వ్యాధి వ్యాపించిన ఏడు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెట్లు దిగి కాళ్లు తడుపుతూ నీళ్లు ముంచుకునే దిగుడుబావులు దీనికి నిలయాలు. 1983లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం ఆ బావుల రూపాన్ని మార్చడం, నీళ్లు వడగట్టుకోవడం నేర్పడం ద్వారా సాగింది. టీకా లేదు, మందు లేదు, ఉన్నది ప్రచారమే. ఆ ప్రచారం పల్లెకు చేరాలంటే పల్లె మాటలోనే చేరాలి. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు నమోదైంది. 2000లో భారతదేశం ఈ వ్యాధినుంచి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

వ్యాధి పోయింది, సంతోషం. దానితోపాటు మాటనూ పంపేయడం ఎందుకు? ఆఫ్రికాలో మిగిలిన కొద్దిపాటి కేసుల గురించి వచ్చే తెలుగు వార్తల్లో 'గినియా వార్మ్' అనే చదువుతున్నాం. పోటీపరీక్షల పుస్తకాల్లోనూ అదే రూపం. నారికురుపు అంటే ఏమిటో తెలిసిన వృద్ధులు ఉండగానే, వారి మనవలు దాన్ని ఎక్కడో ఆఫ్రికా జబ్బుగా నేర్చుకుంటున్నారు. తన తాత కాలిమీది మచ్చకూ తాను బట్టీపట్టిన మాటకూ సంబంధం ఉందని ఆ పిల్లవాడికి తెలిసే వీలు లేకుండా చేశాం. లిప్యంతరీకరణను కచ్చితత్వంగా భ్రమించే అనువాద ధోరణి ఫలితమిది. 'గినీ పంది' కూడా ఈ ధోరణి పంటే. ఇంగ్లీషులో ఆ మాటకున్న 'ప్రయోగానికి బలైనవాడు' అన్న లక్ష్యార్థం తెలుగులో పందితో రాదు. మన రచయితలు 'ప్రయోగశాల ఎలుక' అన్నప్పుడు వస్తుంది. అక్కడ పదాన్ని వదిలి అర్థాన్ని పట్టుకున్నారు, సరైన పనే చేశారు.

మన ఊరు వెళ్లినప్పుడు

ఇంతవరకు ఇతరుల ఊళ్లు మన భాషలోకి వచ్చిన తీరు చూశాం. మన ఊరు పేరు ఇతరుల భాషలోకి వెళ్లిన సందర్భమూ ఉంది. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం 'నెలోర్' జాతివి. అవి ఒంగోలు జాతి సంతతి. పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఈ పశువులు బ్రెజిల్ చేరడం మొదలైనప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులోకి మారింది. 1970లో ఒంగోలు కేంద్రంగా ప్రత్యేక జిల్లా వచ్చింది. 1972లో దానికి, ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఇక్కడ జిల్లా మూడుసార్లు మారింది. ఊరి పేరు పోయి మనిషి పేరు వచ్చింది. సముద్రం అవతల ఆవు మాత్రం ఇంకా పాత జిల్లా చిరునామాతోనే తిరుగుతోంది. అక్కడి పచ్చికబయళ్లలో అది మేసే గడ్డిజాతుల్లో ఆఫ్రికానుంచి వచ్చిన గినీ గడ్డి ముఖ్యమైనది. ఆ దేశంలోనే గినీ పందిని ఇండియా పంది అంటారని పైన చెప్పుకున్నాం.

వియాటినా-19 అనే నెలోర్ ఆవు ప్రపంచంలో అత్యంత ఖరీదైనదిగా వార్తల్లోకి వచ్చినప్పుడు, తెలుగు మాధ్యమాల్లో ఒకచోట నెల్లూరు ఆవు అని, మరోచోట ఒంగోలు ఆవు అని వచ్చింది. రెండు పట్టణాలూ గర్వించాయి. ఆ వార్తను ఎం.ఏ. అనువాద తరగతిలో అభ్యాసంగా ఇచ్చాను. సగంమంది నెల్లూరు అని, సగంమంది ఒంగోలు అని రాశారు. ఒక్క అమ్మాయి మాత్రం 'నెలోర్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'నాటి నెల్లూరు జిల్లా ఒంగోలు ప్రాంతపు పశువుల నుంచి బ్రెజిల్‌లో అభివృద్ధి చేసిన జాతి' అని ఒక వాక్యం చేర్చింది. ఆమెకే ఎక్కువ మార్కులు వేశాను. ఒంగోలు నుంచి వచ్చిన విద్యార్థులు ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు.