మొహం దాచి ఒళ్లు చూపించే చదువు

జాక్ లకోక్ పారిస్‌లో పెట్టిన నాటక బళ్లో చేరిన నటుడి చేతికి మొదటి ఏడాదిలోనే ఒక తోలు మాస్కు వస్తుంది. దాని మీద నవ్వు లేదు, ఏడుపు లేదు, కోపమూ లేదు. సైజు మనిషి మొహం కంటే కాస్త పెద్దది. అది మొహానికి అంటుకుపోకూడదు, చర్మానికీ తోలుకీ మధ్య కొంచెం ఎడం ఉండాలి. ఆ ఎడం ఉంటేనే నటుడు ఆడగలడని లకోక్ నమ్మాడు. దీన్ని న్యూట్రల్ మాస్కు అంటారు. ఆ చదువుకంతా ఇదే పునాది.

కోపిష్టి మొహం చెక్కడం శిల్పికి పెద్ద పని కాదు. కనుబొమలు దగ్గరికి లాగితే సగం పని అయిపోతుంది. ఏ భావమూ లేని మొహం చెక్కమన్నప్పుడే ఉంటుంది అసలు తంటా. పెదవి కొస వెంట్రుకవాసి దిగితే విచారం, అంతే పైకి లేస్తే వెటకారం. పోనీ అని అన్నీ నున్నగా గీకేస్తే శవం మొహం తయారవుతుంది. వర్క్‌షాపుల్లో పంచే తెల్లటి ప్లాస్టిక్ మాస్కుల గతి ఇదే. వాటిని పెట్టుకున్న మనిషి శాంతంగా కనబడడు, దయ్యంలా కనబడతాడు. లకోక్‌కి కావలసింది బతికున్న మొహం. ఇంకా ఏదీ జరగని మొహం, ఏం జరిగినా అందుకోవడానికి సిద్ధంగా ఉన్న మొహం.

అలాంటిది చేసి ఇచ్చినవాడు ఆమ్లెతో సార్తోరి అనే ఇటలీ శిల్పి. 1948లో లకోక్ పాదువా విశ్వవిద్యాలయ నాటకశాలలో పని చేయడానికి వెళ్లాడు. కొద్దికాలమే ఉందామనుకున్నవాడు ఇటలీలో ఎనిమిదేళ్లు ఉండిపోయాడు. ఇద్దరికీ పరిచయం అక్కడే. తోలు మాస్కుల పనితనం ఇటలీలో ఎప్పుడో మరుగున పడింది. దాన్ని సార్తోరి మళ్లీ వెలికితీశాడు. ముందు చెక్కలో మొహం చెక్కుతారు. నానిన తోలును దాని మీద పరిచి, వేళ్లతో ఒత్తుతూ, సుత్తితో సన్నగా తడుతూ, చెక్కలోని ప్రతి వంపూ తోలులోకి దిగేదాకా వదిలిపెట్టరు. ఆరాక ఊడదీసి అంచులు సరిచేస్తారు. అట్టతో చేసిన మాస్కు చెమటకు మెత్తబడుతుంది. తోలు అలా కాదు, చెమట పీల్చుకుని పెట్టుకున్నవాడికి అలవాటు పడుతుంది. 1947లో మిలాన్‌లోని పిక్కొలో తియాత్రో నాటకశాల ఇటలీ నాటకకర్త గొల్దోని నాటకం వేసినప్పుడు, ఆర్లెక్కీనో అనే మాస్కు పాత్ర వేషం కట్టిన మార్చెల్లో మొరెత్తి మాస్కు బాధ భరించలేక మొహానికి రంగు పూసుకుని నెట్టుకొచ్చాడు. సార్తోరి తోలు మాస్కు వచ్చాక గానీ ఆయనకు మాస్కుతో సయోధ్య కుదరలేదు.

లకోక్ నాటకాల ఇంటి నుంచి వచ్చినవాడు కాదు. 1921లో పారిస్‌లో పుట్టాడు. వ్యాయామశాలలో బార్ల మీద ఊగుతూ ఒంటి లెక్కలు నేర్చుకున్నాడు, వ్యాయామ శిక్షకుడిగా పని చేశాడు. మనిషి శరీరాన్ని ఆయన ముందు ఆటగాడిగా చూశాడు, తరువాతే నటుడిగా. వృత్తి నటుడిగా ఆయన 1945లో గ్రెనోబుల్‌లో జాఁ దాస్తే బృందంతో మొదలుపెట్టాడు. దాస్తే మామగారు ఫ్రెంచి నాటక దర్శకుడు జాక్ కొపో. రంగస్థలం మీద బిగుసుకుపోయిన ఓ నటి మొహం మీద కొపో చేతిరుమాలు కప్పితే ఆమె ఒళ్లు వెంటనే వదులైందని నాటకాలవాళ్లు చెప్పుకుంటారు. ఆ చేతిరుమాలు దాస్తే చేతుల మీదుగా లకోక్ దాకా వచ్చి, సార్తోరి బల్ల మీద తోలు మాస్కు అయింది. 1956లో లకోక్ పారిస్ తిరిగొచ్చి బడి పెట్టాడు. 1976లో అది ఫోబూర్ సాఁ దెనీ వీధిలోని పాత బాక్సింగ్ హాలుకు మారింది. ఒళ్లు వంచే చదువుకు అంతకన్నా తగిన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

న్యూట్రల్ మాస్కుతో చేయించే మొదటి పని చాలా చిన్నది. నేల మీద పడుకో. నిద్ర లే, పుట్టాక ఇదే మొదటిసారి లేచినట్టు. అంతే. నటుడు అటు తిరిగి మాస్కు తొడుక్కుంటాడు. పెట్టుకున్నాక దాన్ని చేత్తో తాకకూడదు, మాట్లాడకూడదు. లేవడం ఎవరికి రాదు అనిపిస్తుంది. కానీ లేవగానే ఒకడు బద్ధకంగా ఒళ్లు విరుస్తాడు, అంటే వాడు నిన్న అలసిపోయాడు. ఇంకొకామె చుట్టూ అనుమానంగా చూస్తుంది, అంటే ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తోంది. న్యూట్రల్ మాస్కుకు నిన్న అనేది లేదు. మొహం మూతపడేసరికి చూసేవాళ్ల కళ్లు భుజాల మీదికీ, మెడ మీదికీ, పాదాల మీదికీ పోతాయి. ఎడమ భుజం ఎప్పుడూ కిందికి జారి ఉండడం, నడుము ముందుకు తోసి నడవడం, ఇన్నాళ్లూ కళ్ల చలాకీతనం కప్పిపుచ్చిన ఈ అలవాట్లన్నీ బయటపడతాయి. గురువు వేలెత్తి చూపించక్కర్లేదు. తోటివాళ్లందరికీ కనబడుతూనే ఉంటాయి. లకోక్ చేసి చూపించేవాడు కాదు, ఏది కుదరలేదో చెప్పి ఊరుకునేవాడు. శిష్యుడు గురువుకు నకలు కాకుండా కాపాడింది ఈ పద్ధతే అని నా అభిప్రాయం. ఆయన దగ్గర చదివినవాళ్లను చూడండి. దర్శకులు అరియాన్ మ్నూష్కిన్, సైమన్ మెక్‌బర్నీ, లయన్ కింగ్‌ను బ్రాడ్వే ఎక్కించిన జూలీ టేమర్, నటుడు జెఫ్రీ రష్. ఒకరి పని ఇంకొకరి పనిలా ఉండదు.

మన పద్యనాటకంలో రాగం సాగదీస్తున్న నటుడికి ఒన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకుడు కాసేపు కళ్లు మూసుకున్నా పెద్దగా నష్టపోడు. ఒళ్లే మాట్లాడే కూచిపూడివాళ్ల సంగతి వేరు. అయినా మన నాటక శిక్షణ ఈనాటికీ ఎక్కువగా గొంతు దగ్గరే మొదలవుతుంది. అందుకే ఈ బడి నాకు అంత వింతగా, అంత ఇష్టంగా కనబడుతుంది.

ఇక ఆ బడిలో ఆడించే ఆటలు. ఒకటి చెబితే చాలు. ఖాళీ రంగస్థలం కింద సరిగ్గా నడిమధ్యన ఒక్క ఊతమే ఉందనుకోవాలి. ఒకడు వచ్చి మధ్యలో నిలబడతాడు, ఇబ్బంది లేదు. వాడు పక్కకు జరగ్గానే వేదిక ఒరుగుతుంది. నదిలో పుట్టి ఎక్కినప్పుడు ఒకడు లేచి ఒక పక్కకు వస్తే ఇంకొకడు గబుక్కున అవతలికి జరిగినట్టు, రెండోవాడు ఎదురుగా వచ్చి బరువు సరిచేయాలి. తరువాత మూడోవాడు, నాలుగోవాడు. మాటల్లేవు, సైగల్లేవు. ఎవడు కదిలిస్తున్నాడు, ఎవడు కదులుతున్నాడు అనేది క్షణక్షణం మారుతుంది. పిల్లల ఆటలాగే నవ్వులతో మొదలవుతుంది. కాసేపటికి ఒక పక్క ఒక్కడే, రెండో పక్క గుంపంతా మిగులుతారు. ఇంకేం, గ్రీకు విషాద నాటకం వచ్చేసింది! వీరుడు ఒకవైపు, కోరస్ ఒకవైపు. ఆ ఒక్కడి బరువుకు పదిహేనుమంది బరువు సరితూగాలి. విషాద నాటకం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఇది ఇంత సూటిగా బుర్రకెక్కదు.

మైమ్ అనగానే మనకు తోచేది లేని గోడను తడిమే తెల్లమొహం మనిషి. లకోక్‌కి ఆ గారడీ మీద పెద్ద మోజు లేదు. ఆయన మైమ్‌లో నటుడు నిప్పు అవుతాడు, నీళ్లు అవుతాడు, నలిపి వదిలేశాక మెల్లగా విచ్చుకునే కాగితం అవుతాడు, నీళ్లలో కరిగే పంచదార బిళ్ల అవుతాడు. ఆ తరువాత మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. ముప్పాతిక వంతు కాగితం, పావు వంతు మనిషి. ఆ తరువాత ముప్పాతిక మనిషే. చివరికి ఒక మామూలు గుమాస్తా కుర్చీలోంచి లేస్తాడు. ఆ లేవడంలో ఎక్కడో నలిగిన కాగితం ఉంటుంది, చూసేవాడికి ఎక్కడో చెప్పడం చేతకాదు.

1968లో పారిస్ విద్యార్థులు వీధులకెక్కినప్పుడు ఈ బడి పిల్లలూ తమ చదువు తామే నడుపుకుంటామన్నారు. లకోక్ సరేనని రోజూ కొంత సమయం వాళ్లకే వదిలేశాడు. ఒక అంశం ఇస్తారు, గుంపులుగా కొట్లాడుకుంటూ నాటిక కట్టుకుని వారం చివర ఆడి చూపించాలి. ఈ అలవాటు బడిలో అలాగే నిలిచిపోయింది. ఇక్కడ చదివినవాళ్లు బయటికి వెళ్లి బృందాలు కట్టుకోవడానికి ఇదే అసలు కారణమై ఉండాలి.

మాస్కులు రానురాను మారతాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ కార్నివాల్ నుంచి తెచ్చిన, మొహం సగమే తయారైనట్టుండే పెద్ద తెల్ల మాస్కులు వస్తాయి. స్పష్టమైన స్వభావం ఉన్న మాస్కులు వస్తాయి. మొద్దు మొహం మాస్కు పెట్టుకుని మహా తెలివైనవాడిగా ఆడమంటారు, మాస్కుకు ఎదురీదమని. ఆ తరువాత పెదవుల్ని వదిలేసే సగం మాస్కు, దానితో మాట కూడా వస్తుంది. ఆఖరికి క్లౌన్ పెట్టుకునే ఎర్ర ముక్కు. లకోక్ దాన్ని ప్రపంచంలోకెల్లా చిన్న మాస్కు అనేవాడు. క్లౌన్ అభ్యాసం పుట్టిన తీరు కూడా చిత్రమే. 1960లలో ఒకసారి విద్యార్థుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరే వచ్చి మిగతావాళ్లను నవ్వించమన్నాడు. పల్టీలు కొట్టారు, జోకులు వేశారు, ఎవరూ నవ్వలేదు. చేసేది లేక మొహాలు వేలాడేసుకుని తమ చోటికి పోయి కూర్చుంటుంటే, అప్పుడు అందరూ పగలబడి నవ్వారు. వాళ్లు వేసిన వేషానికి రాని నవ్వు వాళ్ల ఓటమికి వచ్చింది.

ఒక్క విషయంలో నాకు ఈ బడితో పేచీ ఉంది. చదువు రెండేళ్లు. మొదటి ఏడాది చివర ఏరివేత ఉంటుంది, సుమారు మూడోవంతు మందే రెండో ఏడాదిలోకి వెళతారు. క్లౌన్ పాఠం ఉండేది ఆ రెండో ఏడాదిలోనే. తమ ఓటమితో నవ్వించడం నేర్చుకోవలసినవాళ్లలో ఎక్కువమంది ఆ పాఠం దాకా వెళ్లకుండానే ఇంటికి పోతారన్నమాట.